ఓడలో టిఫను యాడ తినాల?

విహార నౌక ఎక్కడం ఏర్పేడు వాళ్లకు ఇప్పుడు అందని పనేమీ కాదు. శ్రీకాళహస్తి, తడ మీదుగా పోతే మూడు నాలుగు గంటల్లో చెన్నై రేవు. కార్డీలియా సంస్థ నడిపే ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో ఆ రేవు నుంచి విశాఖపట్నం వచ్చింది. మరుసటేడు జూన్‌లో అదే ఓడ శ్రీలంక దావ పట్టింది. హంబన్‌తోట, ట్రింకోమలీ, కాంకేశన్‌తురై రేవులు చూపించి తిరిగి చెన్నైలో దించింది. ఫ్రాన్సులో కట్టిన ఆ ఓడ 1990 నుంచి వేరే పేర్లతో అమెరికా వైపు తిరిగి, ఇక్కడికి వచ్చింది.

టికెట్టు కొన్న ఇంట్లో తిండి గురించి వాదం తప్పదు. రాత్రి భోజనం దగ్గర అందరూ తొందరగానే ఒక మాట మీదికి వస్తారు. పొద్దుటి టిఫను దగ్గర రారు. మామూలుగా పెద్ద ఓడల్లో దానికి మూడు చోట్లుంటాయి. పై అంతస్తులో బఫే, కింద కూర్చోబెట్టి వడ్డించే హాలు, అదీ ఇదీ వద్దంటే పడుకున్న గది.

ఇక్కడ మాట్లాడే ఇద్దరిదీ ఏర్పేడే. అత్త హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయింది. అల్లుడు ఆమె తమ్ముడి కొడుకు. హోటల్ మేనేజ్‌మెంటు చదివి, విదేశీ ఓడ మీద వెయిటరుగా పనిచేస్తూ సెలవుకు వచ్చినాడు. అత్త, ఆమె భర్త, ఎనభై దాటిన ఆమె అత్తగారు, ఎనిమిదేళ్ల మనవడు చెన్నై నుంచి ఓడ ఎక్కబోతున్నారు. వాదన వాళ్ల మాటల్లోనే పెడుతున్నాను. నాకు చెప్పాలనిపించిన చోట మధ్యలో వస్తాను.

అత్త: నేను పైనే తింటా. దాంట్లో ఆలోచించేదేముంది? సముద్రం చూస్తామనే కదా అంత దుడ్డు పెట్టింది. మెట్లు దిగి నాలుగు గోడల మధ్య ఇడ్లీ తినాలంటే మన కూడలిలోనే తినొచ్చు.

అల్లుడు: సముద్రం యాడికి పోతాది అత్తా? పొద్దుగూకులూ కండ్ల ముందరే ఉంటాది. టిఫను ఒక గంట సేపు. ఆ గంట యాడ కూర్చుంటే నెమ్మదిగా తింటావో అది చూడు. కింది హాల్లో తలుపు కాడే పలకరించి, తీసకపోయి కుర్చీ చూపిస్తారు. కూర్చున్నాక కాఫీ నీ ముందుకే వస్తాది. కావాల్సింది చెప్తావు, చేసి తెచ్చి పెడతారు.

అత్త: మెనూ కార్డు మీద పేరు చదివితే నాకేం తెలుస్తాది? కండ్లతో చూసి, ఇది నాకు సరిపడతాది, ఇది సరిపడదని తేల్చుకోవాల. మీ మామకు షుగరు. మీ అవ్వకు పండ్లు లేవు, మెత్తగా ఉండేది కావాల. పిల్లోడు రంగు చూసి తింటాడు. పైన అన్నీ పరిచి పెట్టుంటే నలుగురికీ నాలుగు రకాలు దొరుకుతాయి.

అల్లుడు: పరిచి పెట్టడం బాగానే ఉంటాది. అది ఎప్పుడు పరిచినారు, ఎంతసేపటి నుంచి ఉండాది, అది కదా అడగాల్సింది. పైన పెట్టేవన్నీ ఆవిరి మీద నిలబెట్టే తట్టలు. వేడి పదార్థం 57 డిగ్రీలకు తగ్గకూడదు, చల్లది 5 డిగ్రీలు దాటకూడదు. అమెరికా తనిఖీలకు లోబడే ఓడల్లో ఆ లెక్క తప్పితే పారబొయ్యాల్సిందే. జబ్బు రాకుండా అది మంచి లెక్క. రుచికి మాత్రం కాదు. ఆవిరి మీద అరగంట ఉన్న ఇడ్లీ చెమట పట్టి అడుగు మెత్తబడతాది. వడ కరకర పోతాది. పొంగలి గట్టిపడతాది. దోసె సంగతి చెప్పనే అక్కర్లేదు.

అత్త: దోసెకు పెనం ముందరే పెట్టింటారని మీ మామ చెప్పినాడే?

అల్లుడు: పెట్టింటారు. ఆ పెనం ముందర వరస కూడా ఉంటాది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పైకి పోయి చూడు, ఓడలో ఉండే సగం మంది ఆడే ఉంటారు. ఓడ రేవులో ఆగేది లేకుండా నీళ్లమీదే ఉండే రోజు ఇంకా ఎక్కువ. అందరూ ఆలస్యంగా లేచి ఒక్కసారే వస్తారు. దోసె కోసం నువ్వు నిలబడతావు. దోసె చేతికి వచ్చేలోపల చట్నీ కాడ ఇంకో వరస. అవి రెండూ పట్టుకోని కుర్చీ ఎతుక్కోవాల. కిటికీ పక్క బల్లలన్నీ ఏడు గంటలకే నిండిపోయింటాయి. సముద్రం చూస్తా తింటానంటివే, నీకు కనిపించేది ముందరోడి వీపు.

అత్త: అయితే ఏడుకే పోతా. నలభై ఏండ్లు అయిదుకు లేచినదాన్ని, నాకు తొమ్మిది దాకా పడుకునే అలవాటుందా?

అల్లుడు: నువ్వు లేస్తావు. పిల్లోడు లేయొద్దా? అవ్వ తయారు కావొద్దా?

ఇక్కడ అల్లుడి అనుభవానికి తిరుగులేదు. బఫేకు పోయేవాళ్లు అందరికన్నా ముందుగానో, జనం పలచబడ్డాకనో పోవాలి. పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబానికి ఆ రెండూ కుదరడం కష్టం.

అల్లుడు: ఇంకోటి చెప్తా విను. ఒకే గరిటెను వందల మంది పట్టుకుంటారు. ఓడల్లో వాంతులూ విరేచనాలూ పట్టించే నోరోవైరస్ ఒకరికొస్తే బిరబిరా పాకుతాది. తలుపుకాడ చేతికి పోసే శానిటైజరు దానికి సరిగ్గా పనిచెయ్యదు. సబ్బుతో, పారే నీళ్లలో కడుక్కుంటేనే పోతాది. కోవిడ్ తర్వాత శానా ఓడల్లో కొన్నాళ్లు ప్రయాణికుల చేతికి గరిటే ఇయ్యలేదు, మేమే వడ్డించినాం.

అత్త: గరిటె పట్టుకునేది మీరైతే మీ చేతులకు రాదా జబ్బు?

అల్లుడు: రాదని చెప్పను. చేతులు తక్కువైతే దావలు తక్కువ. మాకు కడుక్కోవడం డ్యూటీలో భాగం, చూసేవోడు పైన ఉంటాడు. సెలవుకు వచ్చినోళ్లను ఎవడు చూస్తాడు?

అత్త: సరే, చేతులు కడిగిస్తా. మా ఇంట్లో నలుగురికీ, గరిటె పట్టక ముందొకసారి, తినబోయే ముందొకసారి. అది నాకు చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు నా మాట విను. నేను బఫే అనేది సముద్రం కోసం, దోసె కోసం అనుకుంటా ఉండావు. నువ్వు పుట్టక ముందు ఓడల్లో ఎవరు యాడ తినాలో ఎవరు తేల్చేవాళ్లో తెలుసా? టికెట్టు తేల్చేది. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లో మూడు తరగతులకూ మూడు వేరే భోజనశాలలు. మూడో తరగతి వాళ్లకు పొద్దున ఓట్స్ గంజి, పొగబెట్టిన చేపలు, తొక్కతో ఉడికించిన ఉర్లగడ్డలు. పైవాళ్లేం తింటా ఉండారో చూసే వీలే లేదు.

అల్లుడు: అది తెల్లోళ్ల సంగతి.

అత్త: మనోళ్ల సంగతీ చెప్తా. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలో డర్బను చేరింది. 342 మంది కూలీలు, చెరుకు తోటలకు. వాళ్లలో తెలుగోళ్లు శానామంది. ఆ తర్వాత ఏండ్ల తరబడి మద్రాసు మీదుగా, ఆ డర్బను ఉండే నేటాలుకు పోయిన వాళ్లలో ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్లు ఎక్కువ. అప్పుడు మన కాళహస్తి సీమ ఆ జిల్లాలోనే ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. ఆ ఓడల్లో కొలిచి ఇచ్చిన బియ్యం, పప్పు. కొలిచిందే తినాల, చెప్పిన యాళకే తినాల. అదే మద్రాసు రేవు నుంచి ఈ పొద్దు నేను ఎక్కతా ఉండా. నాకు కావాల్సింది, కావాల్సినంత, కావాల్సిన చోట తినే హక్కుతో ఎక్కతా ఉండా. దాన్ని ఇంకొకరి కార్డులోకి, ఇంకొకరి బల్లకాడికి తీసకపోతానంటావేం?

అల్లుడు: ఆ హక్కు కింది హాల్లోనూ ఉండాది అత్తా. ముందు కాలంలో మాదిరి ఇదే బల్ల, ఇదే టైము అనే పద్ధతి ఇప్పుడు సడలిపోయింది. నార్వీజియన్ కంపెనీ 2000లోనే ఎప్పుడైనా యాడైనా తినే పద్ధతి పెట్టింది, మిగిలినోళ్లూ ఎవరికి తోచినట్ల వాళ్లు మార్చుకున్నారు. పొద్దున టిఫనుకు శానా ఓడల్లో ఎవరు ముందొస్తే వాళ్లకు బల్ల.

అత్త: ఇంకా విను. మన పెండ్లిండ్లల్లో పంక్తులు నువ్వు చూడలేదు. మొదటి పంక్తి పెద్ద మగోళ్లు. రెండో పంక్తి మిగిలిన మగోళ్లు, పిల్లోళ్లు. ఆడోళ్ల పంక్తి లేచేటప్పటికి మధ్యాన్నం మూడు. వంకాయకూరలో పులుసే మిగిలుంటాది. వంటకాడ ఉన్నోళ్లకు అదీ మిగలదు. దళితవాడ వాళ్లనైతే పందిట్లోకే రానిచ్చేవాళ్లు కాదు, అందరూ తిన్నాక బయట పెట్టేవాళ్లు. పక్కన ఎవరు కూర్చున్నారో చూసి విస్తరి ముందర నుంచి లేచి పోయిన పెద్దమనుషులను నేను చూసినా. బఫే వచ్చినాక ఏమైంది? అందరిదీ ఒకే వరస. నా ముందర ఎవడున్నాడో, నా ఎనక ఎవరున్నారో ఎవరికీ పట్టదు. మీ మామ తినే యాళకే నేనూ తింటా ఉండా. నిలబడి తినేది పద్ధతేనా అని మన పెద్దోళ్లు తిట్టుకుంటారు. నాకు మాత్రం అది పోయిన పీడ.

దీనికి అల్లుడు వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే సరి. బఫేను తిట్టే వ్యాసాలు మన పత్రికల్లో చాలా వచ్చాయి; అరిటాకు, కొసరి వడ్డించే మర్యాద పోయాయని బాధపడేవి. ఆ మర్యాద ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అనే లెక్క వాటిలో అరుదు. అత్త ఆ లెక్క చెప్పింది. ఏర్పేడులో పెరిగిన మనిషి చెప్పడం ఆశ్చర్యం కాదు. కేరళలో పుట్టిన మలయాళస్వామి 1926లో ఇక్కడ వ్యాసాశ్రమం పెట్టి, కులం చూడకుండా, ఆడా మగా తేడా లేకుండా వేదాంతం, సంస్కృతం నేర్పించిన ఊరు ఇది.

అల్లుడు: నువ్వు చెప్పిన అన్యాయం నిజమే. కానీ దానికి మందు నిలబడి తినడమే అంటే నేనొప్పుకోను. తిరుమల కొండ మీదికి పోదాం రా. 1985లో ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నిత్యాన్నదానం మొదలైంది. 2011లో తరిగొండ వెంగమాంబ పేరుతో పెద్ద భవనం తెరిచినారు. నాలుగు హాళ్లు, ఒక్కోదాంట్లో వెయ్యి మంది. నాలుగు వేల మంది ఒకేసారి కూర్చుంటారు. కులం అడగరు, ఊరు అడగరు, మగోళ్లు ముందని లేదు. వడ్డించేవాళ్లు నీ కాడికే వస్తారు. కూర్చోబెట్టి వడ్డిస్తే తేడా పెట్టినట్లేనని ఎవరన్నారు? తేడా పెట్టింది కూర్చోబెట్టినోళ్ల బుద్ధి. బల్లదేం తప్పు?

అత్త: కొండమీద వడ్డించేవాళ్లలో సగం మంది సేవకు వచ్చినోళ్లు. దేవుడి ప్రసాదం పెడతా ఉండామని పెడతారు. ఓడలో వడ్డించేది నీ మాదిరి కుర్రోడు. మూడు దేశాలు దాటొచ్చి, అమ్మకు ఫోను చేసేదానికి కూడా టైము దొరకనోడు. నేను కుర్చీలో కూర్చోని, వాణ్ని నిలబెట్టి, అది తే ఇది తే అని చెప్పాల్నా? నాకు గొంతు దిగదు రా నాయనా. నా తట్ట నేనే తెచ్చుకుంటా.

అల్లుడు: నా మీద జాలిపడి నువ్వు పైకి పోతే నాకు మేలు చేసినట్ల కాదు. వడ్డించడం నా పని. నేర్చుకోని చేసే పని. ఎవరికి ఏ పక్క నుంచి పెట్టాల, ఎవరి కాఫీ ఎప్పుడు చల్లారతాది, ఓడ ఊగతా ఉంటే చేతిలో తట్టలు ఎట్ల నిలబెట్టాల, ఎవరు ఆకలి మీద ఉండారు, ఎవరికి కడుపు తిప్పతా ఉంది, మొకం చూసి తెలుసుకోవాల. రెండో రోజే అవ్వకు చక్కెర లేని పాలు ఆమె చెప్పకుండానే పెడితే ఆమె మొకం ఎట్లుంటాదో చూడు. అది నా జీతం కన్నా నాకు ఇష్టం. బఫేలో నాకు ఆ పని లేదు. ఎంగిలి తట్టలు ఎత్తడమే.

అత్త: ఆ మాట నాకు తెలీదు.

అల్లుడు: ఎంగిలి అన్నాను కదా, అదీ చెప్తా. బఫేలో కండ్లకు ఆకలెక్కువ. నాలుగు రకాలు పెట్టుకోని రెండు కొరికి లేస్తారు. ఆ తట్టలు ఎత్తేది మేమే కాబట్టి మాకు తెలుసు. మిగిలింది ఏమవుతాదనుకుంటావు? రుబ్బి, 25 మిల్లీమీటర్ల కన్నా సన్నగా చేసి, ఒడ్డుకు మూడు నాటికల్ మైళ్లు దాటినాక సముద్రంలో వదలొచ్చని అంతర్జాతీయ నియమం. పన్నెండు మైళ్లు దాటితే రుబ్బే పనీ లేదు. నువ్వు చూస్తా తినాలనుకునే ఆ సముద్రంలోకే పోతాది.

అత్త: (కాసేపటికి) మా ఇంట్లో తట్టలో మెతుకు మిగిల్చే అలవాటు ఎవరికీ లేదు. పిల్లోడికి కొంచెమే పెడతా. అయినా నువ్వు చెప్పింది మనసులో పెట్టుకుంటా.

అల్లుడు: ఇప్పుడు అసలు మాట చెప్తా. కోప్పడకూడదు. నేను రెండు చోట్లా డ్యూటీ చేసినా. బఫేలో మనోళ్ల బల్లలు చూస్తే ఒకటి కనబడతాది. మగోడు కూర్చోని ఉంటాడు. ఆమె లేస్తాది, ఆయనకు ఇడ్లీ తెస్తాది. మళ్లీ లేస్తాది, చట్నీ. పిల్లోడికి పాలు. మామగారికి చక్కెర లేని కాఫీ. ఆయన ‘ఆ గుడ్డట్టు బాగుందంట, ఇంకోటి తెస్తావా’ అంటాడు, మళ్లీ లేస్తాది. అందరూ తిని లేచే యాళకు ఆమె తట్టలో దోసె తోలు మాదిరి అయిపోయింటాది. కాఫీ మీద మీగడ కట్టింటాది. అట్లనే తాగి, ఎనకబడితినే అని గబగబా పోతాది. అంత దూరం, అంత దుడ్డు పెట్టి పోయి, ఆమె చేసేది ఇంట్లో చేసే పనే. పొయ్యి ఒకటి తక్కువ, అంతే. పంక్తిలో ఆడోళ్లది ఆఖరు విస్తరి అన్నావు చూడు, బఫేలోనూ ఆమెది ఆఖరు తట్టే. కింది హాల్లో ఆమెను లేపేదానికి వీల్లేదు. తెచ్చేదానికి నేనుండా. అందరి తట్టా ఒకేసారి వస్తాది, ఆమె తట్ట కూడా వేడిగానే వస్తాది.

నాకు ఈ సంవాదంలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే. పెండ్లి బఫేలో, హోటల్ బఫేలో, ఐఐటీ, ఐసర్ వచ్చాక ఏర్పేడు చుట్టుపక్కల లేచిన కొత్త హోటళ్లలో ఎవరైనా పరిశీలించవచ్చు. లేచేది ఎవరు, కూర్చునేది ఎవరు? అత్త కూడా ఈ మాటను కొట్టిపారెయ్యలేదు. అలాగని ఒప్పుకోనూ లేదు.

అత్త: చూసిందే చెప్తా ఉండావు, కాదనను. మీ మామ కూడా అంతే. కానీ దానికి నన్ను కిందికి దించి కూర్చోబెడితే ఏమైనట్టు? ఓడ దిగినాక? ఏర్పేడుకు వచ్చినాక? ఈడ నాకు వెయిటరు ఉండడు. ఆయన లేచే అలవాటు చేసుకోవాలంటే లేవాల్సిన చోటికే తీసకపోవాల. ఓడలో ఆయనకు పొలం పని లేదు, ఫోను పలకదు, ఎవరో వస్తారనే సాకు లేదు. తట్టలు ఆడ, గరిటెలు ఆడ, కాళ్లు ఆయనకూ ఉండాయి. నాకు దోసె తెచ్చేదానికి అంతకన్నా మంచి చోటు యాడ దొరుకుతాది? నువ్వు నా కష్టం దాచేసే చోటు చూపిస్తా ఉండావు. నేను దాన్ని మార్చే చోటు అడగతా ఉండా.

అల్లుడు: మామ లేస్తాడా?

అత్త: నేను లేవకపోతే లేస్తాడు. ఆకలైతే ఎవరైనా లేస్తారు. ఇన్నాళ్లూ నేనే ముందర లేస్తి.

అల్లుడు: (ఆలోచించి) సరే. నీకూ మామకూ ఆ లెక్క కుదరొచ్చు. మరి అవ్వ? ఆమె చేతికి తట్ట ఇచ్చి నిలబెడతావా? పై అంతస్తు ఎప్పుడూ ఎక్కువ ఊగతాది. ఓడ అడుగుకు దగ్గరగా, నడి మధ్యన ఉంటే ఊపు తక్కువ. వడ్డించే హాళ్లు మామూలుగా కింద పెట్టేది దానికీ పనికొస్తాది. జూన్ నుంచి నైరుతి గాలులు, అక్టోబరు దాటితే బంగాళాఖాతంలో వాయుగుండాలు. ఊగే రోజు చేతిలో వేడి సాంబారు గిన్నెతో ఒక కాలు జారితే ఏమవుతాదో నేను చూసినా.

అత్త: ఓడ ఊగే రోజు ఆమెకు కిందనే. దాంట్లో నాకు వాదం లేదు. ఆమె మొదటి పంక్తిలో కూర్చున్న మనిషి కాదు ఎప్పుడూ. ఒక కుర్రోడు వచ్చి ‘ఏం కావాలమ్మా’ అని అడిగితే ఆమె ఏమంటాదో వినాలని ఉంది నాకు.

అల్లుడు: ‘ఏదోటి పెట్టు నాయనా’ అంటాది.

అత్త: అంటాది. అప్పుడు ఆ కుర్రోడు నీ మాదిరి నేర్చుకున్న పని చూపియ్యాల, ఆమెకు నిజంగా కావాల్సింది ఏందో కనుక్కోవాల. సరే, శనివారం నేను ఒక్కపొద్దు ఉంటా, నీసు తగిలిన గరిటె తగలకూడదు. అది యాడ కుదురుతాది?

అల్లుడు: కింద. ముందు రోజు రాత్రే చెప్పి పెట్టాల. ఉల్లి, తెల్లగడ్డ లేకుండా జైన భోజనం అడిగేవాళ్లు మన దేశం ఓడల్లో శానామంది, వంటోళ్లకు అలవాటే. బఫేలో తట్టలు వేరే పెట్టినా, వచ్చేవాళ్లు గరిటెలు మార్చేస్తా ఉంటారు. అట్లని కిందికి పోతే నీకు రాగి సంగటి, ఊరిబిండి దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు.

అత్త: ఊరిబిండి నేనే డబ్బాలో తీసకపోదామనుకున్నా.

అల్లుడు: తీసకపోయే ముందర టికెట్టు ఇచ్చినోళ్లను అడుగు. ఇంట్లో వండిన తిండిని శానా ఓడల్లో రేవు కాడే తీసిపెట్టేస్తారు. ఇంకోటి. నేను చెప్పేదంతా నేను పనిచేసిన చోటు పద్ధతి. ఒక్కో ఓడది ఒక్కో తీరు. కొన్నిటిలో కింది హాల్లో కూడా పొద్దున బఫే పెట్టేస్తారు, కొన్నిటిలో ఓడ రేవులో ఆగిన రోజు కింది హాలు తెరవరు. ఎక్కినాక గదిలో సామాన్లు పెట్టి, రిసెప్షన్‌కు పోయి మూడు అడగాల: కూర్చోబెట్టి వడ్డించేది ఏ హాలు, ఎన్ని గంటలకు తెరుస్తారు, ఎన్ని గంటలకు మూస్తారు. ఏదానికి దుడ్డు వేరేగా కట్టాలో కూడా అప్పుడే తేల్చుకో. టికెట్టులో అన్ని చోట్లూ కలిసి ఉండవు.

అత్త: గదికే తెప్పించుకుంటే?

అల్లుడు: అయిదు గంటలకు ఒక కాఫీకి బాగుంటాది. నలుగురు ఒక మంచం మీద కూర్చోని చట్నీ పోసుకునేదానికి ఆ గది సరిపోదు. టిఫనుకు వద్దు.

గది మాట అంతటితో అయిపోయింది. రేవులో ఆగే పొద్దుల గురించి మాత్రం అల్లుడే వెనక్కి తగ్గినాడు. ఓడ ట్రింకోమలీలోనో విశాఖలోనో ఆగిన రోజు దిగి ఊరు చూడాలంటే ఏడు, ఏడున్నరకల్లా తినేయాలి. కింద కూర్చుంటే చెప్పి, తెప్పించుకొని, తిని లేచేసరికి గంట దాటుతుంది. అలాంటి పొద్దు బఫేనే మేలని తనంతట తనే చెప్పినాడు. దిగే జనం అంతా ఒకే యాళకు వస్తారు గనక ఇంకా ముందే పోవాలన్నాడు.

అత్త: అయితే విను, ఇదీ నా తీర్పు. ఎక్కిన మరుసటి పొద్దు, ఓడ నీళ్లమీదే ఉండే రోజు, నలుగురమూ కిందికే పోతాం. మీ అవ్వ పక్కన నేను కూర్చుంటా. ఆమెకేం కావాల్నో ముందర ఆమెనే అడగమని చెప్తా, ఆ తర్వాతే మీ మామను. వడ్డించిన అబ్బోడి పేరు అడిగి తెలుసుకుంటా. రేవులో ఆగిన పొద్దు పైన. ఆడ నేనూ మీ అవ్వా కిటికీ కాడ కూర్చుంటాం, తట్టలు మీ మామా పిల్లోడూ తెస్తారు. ఎవరు ఎన్ని తెచ్చుకున్నా మిగల్చకూడదు. శనివారం మళ్లీ కింద.

అల్లుడు: మామకు ఎవరు చెప్తారు?

అత్త: నేనే చెప్తా. ఓడ ఎక్కినాక కాదు, ఈ రాత్రే చెప్తా. రేపు పొద్దున దోసె పెనం కాడ నిలబడేది కూడా ఆయనే.